బందరు చూసొద్దాం

బస్సు ముందు పలక మీద ‘మచిలీపట్నం’ అని రాసి వుంటుంది. కండక్టరు మాత్రం ‘బందరు, బందరు’ అని కేక వేస్తాడు. కొత్తగా చదువు నేర్చుకున్న మనిషి ఒక్క క్షణం ఆగిపోతుంది. పలక మీద ఒక పేరు. కండక్టరు నోట్లో ఇంకో పేరు. ఏ బస్సు ఎక్కాలి?

భయం లేదు. రెండూ ఒకే ఊరి పేర్లు.

బందరు అంటే ఓడరేవు. ఇది పారశీక భాష మాట. మచిలీ అంటే హిందీలో చేప. సముద్రం పక్కన వున్న ఊరికి ఈ పేర్లు రెండూ సరిపోయాయి. ఇది కృష్ణా జిల్లాకు ముఖ్య పట్టణం. విజయవాడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు.

ఇప్పుడు చూస్తే బందరు మామూలు ఊరిలాగే వుంటుంది. కోనేరు సెంటరు, బజారు, బళ్ళు, కాలేజీలు. కానీ నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ ఊరి పేరు ఇరాన్‌లో తెలుసు. హాలెండులో తెలుసు. లండనులో తెలుసు. ఎందుకు తెలుసు? ఇక్కడి ఆడా మగా చేతులతో తయారు చేసిన బట్ట వల్ల తెలుసు.

పేటల పేర్లు చదవండి

బందరులో తిరిగేటప్పుడు పేటల పేర్లు రాసిన బోర్డులు చదవండి. ఆ పేర్లే ఊరి కథ చెబుతాయి.

ఒక చోటు పేరు వలందపాలెం. హాలెండు దేశం వాళ్ళను మన పెద్దలు ‘వలందులు’ అన్నారు. వాళ్ళనే డచ్చివాళ్ళు అని కూడా అంటారు. ఇంకో చోటు పేరు పరాసుపేట. ఫ్రెంచివాళ్ళను మనవాళ్ళు ‘పరాసులు’ అన్నారు. మరో చోటు పేరు ఇంగ్లీషుపాలెం. ఈ పేరు ఎవరిదో చెప్పనక్కరలేదు.

ఆ కాలంలో ఈ ప్రాంతం గోలకొండ నవాబుల ఏలుబడిలో వుండేది. బందరు వాళ్ళ పెద్ద రేవు. డచ్చివాళ్ళ ఓడ 1605లో వచ్చింది. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో వచ్చింది. ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ కొట్లు పెట్టారు. అందరూ నవాబు అనుమతి అడిగి, వ్యాపారం చేసుకుంటామని చెప్పి దిగినవాళ్ళే.

తరువాత ఏం జరిగింది? కొట్టు కాపలాకు సిపాయిలు వచ్చారు. సిపాయిల కోసం కోట వచ్చింది. 1750లో ఫ్రెంచివాళ్ళు బందరు కోటను చేతిలోకి తీసుకున్నారు. 1759లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి ఆ కోటను లాక్కున్నారు. బట్ట కొనడానికి వచ్చినవాళ్ళు చివరికి ఊరినే ఏలారు.

డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ బందరులో వున్నాయి. పెద్ద పెద్ద రాతి పలకల మీద వాళ్ళ భాషలో పేర్లు, వాళ్ళ వంశాల గుర్తులు చెక్కి వున్నాయి. ఎక్కడో పుట్టి, ఆరేడు నెలలు సముద్రం మీద వచ్చి, ఈ ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేక ఇక్కడే పోయినవాళ్ళు చాలామంది. ఆ అక్షరాలు మనం చదవలేం. అయినా ఒకసారి చూడండి. మొన్నమొన్నటి దాకా తెలుగు అక్షరాలు కూడా మనకు అలాగే కనపడేవి కదా!

బట్ట కోసం వచ్చిన ఓడలు

ఇంతమంది ఇంత దూరం ఎందుకు వచ్చారు? వజ్రాల కోసం కొంత. అద్దకం బట్ట కోసం చాలా.

ఆ రోజుల్లో ఐరోపా దేశాల వాళ్ళకు నూలుబట్ట మీద నిలిచే రంగు వెయ్యడం రాదు. వాళ్ళు వేసే రంగు ఉతికితే పోయేది. మన బట్ట ఉతికితే పోదు. పైగా కొత్తగా మెరుస్తుంది. ఇదేం విద్య అని వాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆ విద్యే కలంకారీ. కలం అంటే మనకు తెలిసిందే. కారీ అంటే పని. కలంతో చేసే పని అన్నమాట.

శ్రీకాళహస్తిలో ఇప్పటికీ కలంతోనే బొమ్మలు గీస్తారు. బందరు వైపు మాత్రం చెక్క అచ్చులతో వేస్తారు. పని మారినా పేరు మారలేదు.

ఆ బట్ట మీద పువ్వులు, తీగలు, చిలకలు, నెమళ్ళు, మామిడి పిందెలు వుండేవి. ఇరాన్‌కు పంపే బట్ట మీద ఆ దేశం వాళ్ళు మెచ్చే నమూనాలు వేసేవాళ్ళు. ఐరోపాకు పంపే బట్ట మీద వాళ్ళు అడిగిన పువ్వులు వేసేవాళ్ళు. ఎవరికి ఏది కావాలో తెలుసుకుని వేసే తెలివి మన పనివాళ్ళది.

లండను వీధుల్లో గొడవ

ఈ బట్ట అంటే ఐరోపా ఆడవాళ్ళు ప్రాణం పెట్టారు. ఉన్నిబట్ట బరువు. పట్టుబట్ట ఖరీదు. మన నూలు అద్దకం తేలిక, అందం. గొప్పింటి ఆమె కట్టింది. ఆ ఇంట్లో పని చేసే అమ్మాయీ కట్టింది.

అక్కడి నేతగాళ్ళకు పని తగ్గింది. వాళ్ళకు కోపం వచ్చింది. 1686లో ఫ్రాన్సు రాజు అద్దకం బట్టను వద్దని ఆజ్ఞ ఇచ్చాడు. 1719లో లండను నేతగాళ్ళు వీధిలోకి వచ్చారు. అద్దకం బట్ట కట్టుకున్న ఆడవాళ్ళను పట్టుకుని, ఒంటి మీద బట్టలు చించారు. సిరా పోశారు. 1721లో ఇంగ్లండులో కూడా అద్దకం నూలుబట్ట కట్టకూడదని చట్టం వచ్చింది.

పొట్ట కొట్టింది వ్యాపారం. దెబ్బ తిన్నది ఆడది. ఇది ఎక్కడో జరిగిన కథ. కానీ వింటే కొత్తగా అనిపించదు.

మరి ఇక్కడ నేసినవాళ్ళు, రంగు వేసినవాళ్ళు బాగుపడ్డారా? కంపెనీ మనుషులు ముందుగా బయానా ఇచ్చేవాళ్ళు. బయానా పుచ్చుకున్నవాడు బట్ట ఇంకొకరికి అమ్మకూడదు. ధర కంపెనీ చెప్పిందే. ఇంగ్లీషువాళ్ళు ఏలికలయ్యాక బలవంతం ఇంకా పెరిగింది. తరువాత, 19వ శతాబ్దంలో, ఇంగ్లండు మిల్లులలో యంత్రాల మీద చవకగా బట్ట తయారయింది. ఓడలు ఎదురు తిరిగాయి. ఇక్కడి నుంచి బట్ట తీసుకుపోయిన ఓడలే అక్కడి నుంచి బట్ట తెచ్చి పోశాయి. వేలమంది చేతుల్లో పని పోయింది.

సముద్రం ఊళ్ళోకి వచ్చిన రాత్రి

పని పోయిన ఊరి మీద ఇంకో దెబ్బ పడింది. 1864 నవంబరు 1న పెద్ద తుపాను వచ్చింది. రాత్రివేళ సముద్రం ఉప్పెనగా పొంగి ఊళ్ళోకి వచ్చింది. బందరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్ళీ తేరుకోలేదు.

పాత కోట దగ్గర గంటల మంటపం, పడిపోయిన గోడలు ఇప్పటికీ చూడవచ్చు. 2023లో బందరు దగ్గర కొత్త రేవు కట్టే పని మొదలయింది.

అప్పటివాళ్ళకు తుపాను వస్తోందని చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు ముందే చెబుతారు. రేడియో, టీవీ, ఫోను చెబుతాయి. రేవులో తుపాను హెచ్చరిక ఎగరేస్తారు. ‘ఎన్నో నంబరు హెచ్చరిక’ అన్న మాట చదివి అర్థం చేసుకుంటే ప్రాణం నిలుస్తుంది.

పెడనలో అద్దకం చూడండి

బందరు నుంచి పెడన సుమారు 10 కిలోమీటర్లు. కలంకారీ పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది. బందరు దాకా వెళ్ళినవాళ్ళు పెడన చూడకుండా రాకూడదు.

పని చూస్తే వంటింట్లో వున్నట్టే వుంటుంది. కరక్కాయ, బెల్లం, పటిక, దానిమ్మ తొక్క, గంజి. అన్నీ మనకు తెలిసిన వస్తువులే.

మొదట బట్టకు వున్న గంజీ జిడ్డూ పోయేదాకా నానబెట్టి ఉతుకుతారు. ఎండబెడతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచుతారు. కొందరు గేదెపాలు కూడా కలుపుతారు. పాలలో కొవ్వు వుంటుంది. అందువల్ల రంగు అటూ ఇటూ పాకదు. కరక్కాయ తాగిన బట్ట లేత పసుపుగా అవుతుంది.

ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. ఆ నీళ్ళను జిగురుతో కలిపి అచ్చుకు పూస్తారు. అచ్చును బట్ట మీద పెట్టి అరచేత్తో గట్టిగా ఒక్క దెబ్బ వేస్తారు. ఇనుప నీరు కరక్కాయ వగరుతో కలిసి నల్లగా మారిపోతుంది. కరక్కాయ కోసిన కత్తి నల్లబడడం మీరు చూసే వుంటారు. అదీ ఇదీ ఒకటే.

ఎరుపు సంగతి ఇంకా వింత. ఎరుపు కావలసిన చోట ఎర్ర రంగు వెయ్యరు. పటిక నీళ్ళు అద్దుతారు.

‘ఏం బాబూ, ఇక్కడ రంగు వెయ్యలేదే?’ అని చూడవచ్చిన ఆడవాళ్ళు అడుగుతారు.

‘వేశానమ్మా. ఇంకా బయటికి రాలేదు’ అని అచ్చు వేసే అతను నవ్వుతాడు.

నిజమే. పటిక అద్దిన బట్టను కొన్నాళ్ళు ఆరబెడతారు. తరువాత పారే నీళ్ళలో ఉతుకుతారు. ఆ తరువాత పెద్ద రాగి కాగులో ఎర్ర రంగు నీళ్ళు పోసి బట్టను వేసి ఉడికిస్తారు. కర్రతో తిప్పుతూ వుంటారు. పటిక వున్న చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట నిలవదు. పటిక ఒక చేత్తో నూలునూ ఇంకో చేత్తో రంగునూ పట్టుకుంటుందని అనుకోండి. అందుకే ఆ రంగు ఉతికినా పోదు. ఐరోపావాళ్ళకు తెలియని రహస్యం ఇదే.

పూర్వం ఎరుపు కోసం చిరివేరు వాడేవాళ్ళు. అది సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. నిజాంపట్నం వైపు పెరిగే చిరివేరుకు మంచి పేరు వుండేది. ఇప్పుడు దాని బదులు చాలా చోట్ల అలిజరిన్ అనే పొడి వాడుతున్నారు. నీలం కావాలంటే నీలిమందు. పసుపుకు కరక పువ్వు, దానిమ్మ తొక్క. పసుపు మీద నీలం పడితే పచ్చ.

ఉడికిన బట్టను నేల మీద పరిచి నీళ్ళు చల్లుతూ ఎండలో వుంచుతారు. ఎండే చలువ చేస్తుంది. ఎరుపూ నలుపూ నిలుస్తాయి. మిగతా చోట తెల్లబడుతుంది.

అచ్చులను టేకు చెక్క మీద చెక్కుతారు. ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. గీతలకు ఒకటి, ఎరుపుకు ఒకటి, పసుపుకు ఒకటి. ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు. వెంట్రుకంత గీత కూడా ఉలితో తియ్యాలి. ఒక్క గీత విరిగితే అచ్చు పోయినట్టే.

ఈ పనికి మూడు కావాలి. ఎండ కావాలి. పారే నీళ్ళు కావాలి. చేతులు కావాలి. వానాకాలంలో ఎండ వుండదు, పని ఆగిపోతుంది. వేసవిలో కాలవ కట్టేస్తారు, ఉతకడం కష్టమవుతుంది. చేతుల సంగతి ఏమిటి? అదే ఇప్పుడు అసలు కష్టం.

అసలుదీ నకిలీదీ

బందరు కలంకారీ 19వ శతాబ్దంలో దెబ్బ తిన్నది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు చేతిపనులకు మళ్ళీ ఊపిరి పోశారు. పెడనలో అచ్చుల చప్పుడు మళ్ళీ వినిపించింది. ఈ ప్రాంతపు పేరు ఇంకెవరూ వాడుకోకుండా చట్టం గుర్తింపు కూడా ఇచ్చింది. దాన్ని భౌగోళిక గుర్తింపు అంటారు.

అయినా పోటీ ఆగలేదు. కలంకారీ నమూనాలను తెరల మీద, యంత్రాల మీద రసాయన రంగులతో గుద్దుతున్నారు. చేత్తో రోజుల తరబడి చేసేది యంత్రం మీద నిమిషాల్లో అయిపోతుంది. ధర తక్కువ. చూడ్డానికి ఒకేలా వుంటాయి. కొనేవాళ్ళకు తేడా తెలియదు. రెంటినీ ‘కలంకారీ’ అనే అమ్ముతారు.

తేడా ఎలా తెలుసుకోవాలి? బట్టను దగ్గరగా చూడండి. చేతి అచ్చులో ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ మధ్య అతుకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఒక పువ్వులో ఎరుపు గీత దాటి వుంటుంది. ఇంకో పువ్వులో లోపలే ఆగిపోతుంది. అది తప్పు కాదు. మనిషి చెయ్యి పడిందనడానికి గుర్తు. అన్ని పువ్వులూ అచ్చం ఒకేలా, గీత గీసినట్టు వుంటే యంత్రం పని అని అనుమానించాలి. ‘ఇది చేతి అచ్చా? రంగు ఏం వాడారు?’ అని అడగండి. అడగడం తప్పు కాదు. బిల్లు తీసుకోండి. బిల్లు మీద ఏం రాశారో చదవండి.

చవక బట్ట కొనడం నేరం కాదు. ఎవరి సత్తువ వాళ్ళది. కానీ యంత్రం బట్టకు చేతిపని ధర పెట్టి మోసపోకూడదు. చేతిపనికి యంత్రం ధర ఇస్తామని బేరం ఆడకూడదు. అచ్చు దెబ్బ ఒక్కొక్కటీ ఒకరి అరచెయ్యి. ఆ చేతికి కూలి గిట్టకపోతే వాళ్ళ పిల్లలు ఈ పని నేర్చుకోరు. నేర్చుకోకపోతే నాలుగు వందల ఏళ్ళ విద్య ఒక్క తరంలో పోతుంది.

నగలూ లడ్డూ

బందరు పక్కనే చిలకలపూడి వుంది. అక్కడి రోల్డు గోల్డు నగలకు పెద్ద పేరు. రాగి, ఇత్తడి వంటి లోహం మీద పలచగా బంగారు పూత వేసి నగలు చేస్తారు. పెళ్ళిలో ధగధగలాడే హారం చాలాసార్లు చిలకలపూడిదే. చిలకలపూడిలో పాండురంగస్వామి గుడి కూడా వుంది.

బందరు లడ్డు తినకుండా ఎవరూ తిరిగి రారు. శనగపిండితో వండినదాన్ని రోట్లో వేసి దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అన్నారు. బెల్లం పాకం, నెయ్యి, ఏలకులు కలిపి మళ్ళీ దంచి వుండ కడతారు. 2017లో ఈ లడ్డుకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోకలి పోటు తిన్న లడ్డు నోట్లో వేస్తే కరిగిపోతుంది.

చదువూ స్వాతంత్ర్యమూ

ఇంగ్లీషువాళ్ళు కోటను లాక్కున్న ఊళ్ళోనే వాళ్ళను పొమ్మన్న గొంతులు కూడా లేచాయి. 1902లో ఇక్కడ కృష్ణాపత్రిక మొదలయింది. ముట్నూరి కృష్ణారావు దాన్ని చాలా ఏళ్ళు నడిపారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ఆయన మిత్రులు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ పుస్తకంతో పాటు చేతిపని కూడా నేర్పారు. చదువుకున్నవాడికి మగ్గం తెలియాలి, మగ్గం తెలిసినవాడికి చదువు రావాలి అన్నది వాళ్ళ ఆశ.

జాతీయ జెండా నమూనా తయారు చేసిన పింగళి వెంకయ్య ఈ కళాశాలలో పని చేశారు. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కల ఊరే. 1930లో కోనేరు సెంటరులో తోట నరసయ్య జెండా ఎగరేశారు. పోలీసులు తెలివి తప్పేదాకా కొట్టారు. ఇప్పుడు అదే సెంటరులో నిలబడి మనం ఆటో కోసం చూస్తాం.

కూచిపూడి దాకా వెళ్తే

కూచిపూడి కూడా ఈ జిల్లాలోనే వుంది. నాట్యానికి పేరు పడిన ఊరు. గోలకొండ తానీషా బందరు వైపు వస్తూ దారిలో ఇక్కడి ఆట చూసి మెచ్చుకుని, ఊరిని కళాకారులకు రాసి ఇచ్చాడని చెబుతారు.

ఒక సంగతి మాత్రం ఆడవాళ్ళు తెలుసుకోవాలి. కూచిపూడి మేళాల్లో వెనక ఆడవాళ్ళకు చోటు లేదు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వస్తే ఆడవాళ్ళే తెల్లబోయి చూసేవాళ్ళు. ఆయన 2012లో కన్నుమూశారు. వెంపటి చినసత్యం వంటి గురువులు ఆడపిల్లలకు ఈ నాట్యం నేర్పారు. ఇప్పుడు కూచిపూడి ఆడేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. ‘మీకు చేతకాదు, మీది కాదు’ అన్న పనులు ఎన్ని ఇలా మన చేతికి వచ్చాయో!

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు

నలుగురు కలిసి వెళ్ళండి. ఖర్చు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది. బస్సు పలక మీరే చదవండి. ఆటో ఎక్కే ముందు రేటు మాట్లాడుకోండి. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. వాతావరణం తెలుసుకుని బయలుదేరండి. అద్దకం చూడాలంటే ఎండ కాసే రోజు వెళ్ళాలి. పని చేసేవాళ్ళను అడిగి లోపలికి వెళ్ళండి. తడి బట్ట మీద చెయ్యి వెయ్యకండి. మంగినపూడి సముద్రం చూడవచ్చు. నీళ్ళలో లోతుకు మాత్రం దిగకండి.

ఇంటికి వచ్చాక ఒక కాగితం తియ్యండి. ఏం చూశారో నాలుగు వాక్యాలు రాయండి. ఊరి పేరు రాయండి. తేదీ వెయ్యండి. డచ్చివాళ్ళు తమ పేర్లు రాతి మీద చెక్కించుకున్నారు. వాళ్ళు కొన్న బట్టలు లండను మ్యూజియంలో ఇప్పటికీ వున్నాయి. ఆ బట్టకు రంగు వేసిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు. ఎవరూ రాయలేదు. వాళ్ళకు రాయడం రాదు.

మీకు వచ్చు.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో పేటలకు, వీధులకు ఆ పేర్లు ఎలా వచ్చాయి? పెద్దవాళ్ళను అడిగి రాయండి.

మీ ఊళ్ళో వెనక వుండి ఇప్పుడు పోయిన చేతిపని ఏది? అది ఎందుకు పోయింది?

మీ ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి కూలి ఎవరు లెక్క కడుతున్నారు? ఆ లెక్క మీరు చదివి చూశారా?